ఇరవై మూడో సమ్మెట

నేను నీలిబండ మ్యూజియంలో అడుగుపెట్టేసరికి సాయంత్రం నాలుగూ పది. గాజుపెట్టె తలుపు తెరిచే ఉంది. లోపల పరిచిన ఎర్రగుడ్డ మీద సమ్మెట బరువుకి పడిన గుంట ఉంది. సమ్మెట లేదు. పెట్టె పక్కన నేల మీద వాచ్‌మన్ దాలయ్య మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా కుర్చీలో సీఐ త్రినాథ్, బల్ల మీద టోపీ పెట్టి, అప్పుడే తెచ్చిన టీ తాగుతున్నాడు.

"రండి గురువుగారూ," అన్నాడు లేవకుండా. "పలాసలో పెళ్ళిసంబంధాల ఎంక్వైరీలు తగ్గాయా, ఈ కొండల్లోకి దిగారు?"

"కాసులమ్మ పిలిచింది."

"ఎవరు పిలిచినా మీకిక్కడ పని లేదు. దొంగ దొరికాడు. వస్తువు ఒక్కటే దొరకాలి. ఆరింటికి వీణ్ణి స్టేషన్‌కి తీసుకుపోతున్నాను. అక్కడ అడిగితే చెప్తాడు."

అక్కడ అడగడం అంటే ఏమిటో నాకు తెలుసు. త్రినాథ్‌కి అది నేర్పింది నేనే.

నా పేరు ఢిల్లీరావు. పలాస స్టేషన్ రోడ్డులో, జీడిపప్పు కొట్టు మీద గదిలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాను. దానికి ముందు పోలీసు ఉద్యోగం. 1988లో ఈ నీలిబండకి నేనే ఎస్సైని, త్రినాథ్ నా దగ్గర ట్రైనింగ్‌కి వచ్చిన కుర్రాడు. అప్పుడు ఇక్కడ నీలం గ్రానైట్ క్వారీ ఉండేది. టెక్కలి చుట్టుపక్కల అంత పెద్ద గొయ్యి ఇంకోటి లేదనేవారు. తొంభై అయిదులో కంపెనీ మూతపడింది. గోతిలో నీళ్ళు నిండాయి. పని పోయిన ముసలివాళ్ళు కొందరు కలిసి, పాత ఆఫీసు గదుల్లో తమ పనిముట్లన్నీ పేర్చి, కిందటేడు దానికి మ్యూజియం అని పేరు పెట్టారు. ఉలులు, రాయికి బెజ్జం వేసే జంపర్లు, చేత్తో తిప్పే సైరన్, హాజరుపలక, ఒక గోడ పొడుగునా సమ్మెటలు. ఆ బిల్డింగు మాత్రం ఇప్పటికీ పాత మేనేజరు సింహాద్రిదే. పలాసలో జీడి ఫ్యాక్టరీ పెట్టి ఇప్పుడు పెద్దమనిషి అయ్యాడు.

మధ్యాహ్నం మూడింటికి కాసులమ్మ నా గది మెట్లెక్కి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీరు సంతకమెట్టిన సమ్మెట పోనాది బాబూ. మీరే ఎతకాల," అంది.

నేను ఆవిడని వెంటనే గుర్తుపట్టాను. పదహారేళ్ళు పోతే ఇంకొకరినైతే పోల్చుకోలేకపోదును. ఈవిడ ముఖం మర్చిపోదామని చాలా ప్రయత్నించాను కాబట్టి మర్చిపోలేదు.

పోయిన సమ్మెట ఆవిడ మొగుడిది. 1988 సెప్టెంబరు పదిహేడు, విశ్వకర్మ పూజ. ఆ రోజు క్వారీలో ఎవరూ ఇనుము ముట్టరు. సమ్మెటలకి పసుపు రాసి, దారం కట్టి, దండం పెట్టుకుంటారు. ఆ రోజే అప్పలసూరి అనే ఇరవై ఆరేళ్ళ కుర్రాడు గోతిలో బండ కింద పడి చచ్చిపోయాడు. శవం పక్కన అతని సమ్మెట దొరికింది. సెలవు రోజు దొంగతనంగా రాయి కొట్టుకోవడానికి వెళ్ళాడు, తన తప్పే, అని పంచనామా రాశాం. రాసింది త్రినాథ్. సంతకం నాది. ఆ రోజు నేను సోంపేటలో బందోబస్తు చూసుకుని సాయంత్రం వచ్చి, చోటు చూడకుండా, శవాన్ని చూడకుండా, నిలబడే సంతకం పెట్టాను.

కేసు అయిపోయింది. కానీ ఊరు దాన్ని అక్కడితో వదల్లేదు. పూజ రోజు ఇనుము ముట్టాడు కాబట్టే చచ్చాడన్నారు. తర్వాత కంపెనీ మూతపడితే, వాడివల్లే కొండ అలిగిందన్నారు. అప్పటినుంచీ పూజ ప్రసాదం కాసులమ్మ గడప తొక్కలేదు. మరిది దాలయ్య వాచ్‌మన్‌గా మ్యూజియం అంతా ఊడుస్తాడు గానీ పూజ సామాను మాత్రం తాకకూడదు.

కిందటి నెల కోర్టులో పాత సామాను ఖాళీ చేస్తూ ఆ సమ్మెటని కాసులమ్మకి ఇచ్చేశారు. గోనెసంచిలో, పోలీసు చీటీతో సహా. ఆవిడ దాన్ని ఉన్నదున్నట్టు మ్యూజియంకి ఇచ్చింది. ఆదివారం గాజుపెట్టెలో పెట్టారు. ఇవాళ గురువారం, రేపు పూజ. ఇవాళ పోయింది.

"టైములు చెప్పు," అన్నాను త్రినాథ్‌తో.

"మీకు చెప్పాల్సిన పని లేదు."

"లేదు. కానీ వస్తువు దొరక్కపోతే రేపు నీ పై ఆఫీసరు ఇవే అడుగుతాడు. నా మీద ప్రాక్టీసు చేసుకో."

అతను నవ్వాడు. పాత అలవాటు, నేను అడిగితే చెప్పడం. "పదకొండున్నరకి వచ్చాను. సమ్మెట ఉంది. పాత కేసు సొత్తు, తీసుకెళ్తానన్నాను. రసీదు ఇస్తే గానీ ఇవ్వనన్నాడు ఈ మ్యూజియం చూసుకునే ధనుంజయ మేస్త్రి. సరే అని గేట్లో కానిస్టేబుల్‌ని నిలబెట్టి వెళ్ళాను. రెండింటికి రసీదు తెచ్చాను. పెట్టె ఖాళీ. తాళం పగల్లేదు. తాళంచెవి వీడి జేబులోనే ఉంది."

"ఈ మధ్యలో గేటు దాటింది ఎవరు?"

"ఒక్కరూ లేరు. రెండు దాటాక ఆ కాసులమ్మ గేటు దాకా వచ్చి, మరిదిని అక్కణ్ణుంచే చూసి, పోయింది. ఖాళీ చేతులు."

"అంటే సమ్మెట లోపలే ఉంది."

"ఆ మాత్రం మాకూ తెలుసు. నుయ్యి, పైకప్పు, క్రేన్ షెడ్డు, రాళ్ళగుట్ట, అన్నీ వెతికాం. వీడు నోరు విప్పితే మాకీ శ్రమ ఉండదు."

"ఇంతకీ పదహారేళ్ళ నాటి సమ్మెట మీద ఇప్పుడెందుకు ఇంత ప్రేమ పుట్టింది?"

త్రినాథ్ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "మీ సంతకం ఉంది కదా దాని మీద. మీ పరువు కోసమే అనుకోండి."

దాలయ్య పక్కన గొంతుకూర్చున్నాను. "అన్నం ఎన్నింటికి తిన్నావు?"

"పన్నెండున్నరకి బాబూ. బోరు కాడ సొక్కా ఇప్పి మేకుకి తగిలించి, కాళ్ళు సేతులు కడుక్కుని తిన్నాను. ఒంటి గంటకి మళ్ళీ తొడుక్కున్నాను. సెవి జేబులోనే ఉంది. నాకేటీ తెల్దు."

"ఆ టైములో బోరు దగ్గర ఇంకెవరున్నారు?"

"అందరూ ఉన్నారు. మేస్త్రీ, ముసిలోళ్ళూ. సమ్మెటలు కడిగి పసుపు రాత్తన్నారు. నన్ను దూరంగా కూకోమన్నారు." చివరి మాట మామూలుగానే అన్నాడు. పదహారేళ్ళు విన్నమాట మామూలుగాక ఇంకెలా ఉంటుంది.

"చేతులు చూపించు."

రెండు చేతులూ చాచాడు. గోళ్ళ సందుల్లో దుమ్ము, అరచేతుల్లో చీపురు కాయలు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

లేచి గాజుపెట్టె దగ్గరకి వెళ్ళాను. తలుపు లోపలి అంచున, కీలు పక్కన, బొటనవేలు అంత మరక ఉంది. గోటితో గీకాను. పసుపు. తడి మీద అంటుకుని ఆరిపోయింది. అందులో వేలిగీతలు కూడా పడ్డాయి. ఎర్రగుడ్డ మీద మరో రెండు చుక్కలున్నాయి.

"త్రినాథ్, ఇలా రా. ఇదేమిటి?"

వచ్చి చూశాడు. "పసుపు. పూజ కదా."

"సమ్మెటలకి పసుపు రాసింది ఇవాళ మధ్యాహ్నమే. పెట్టె తీసినవాడి చేతికి పసుపుంది. దాలయ్యని పసుపు దగ్గరికి రానివ్వరు. ఊరంతా సాక్ష్యం చెప్తుంది. నువ్వు పట్టుకున్నది ఈ ఆవరణ మొత్తంలో పసుపు అంటని ఒకే ఒక్కణ్ణి."

"కడుక్కుని ఉంటాడు."

"పసుపు సబ్బుకి పోతుందా? మీ ఇంట్లో ఆడవాళ్ళని అడుగు."

గుమ్మంలో నిలబడ్డ కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. త్రినాథ్ కళ్ళు ఎర్రబడ్డాయి. "ఆరింటి దాకా టైముంది మీకు. పసుపు వాసన చూసుకుంటూ తిరగండి. ఆ తర్వాత వీడు నా జీపులో ఉంటాడు," అని బయటికి వెళ్ళిపోయాడు.

నేను మ్యూజియం రిజిస్టరు తెరిచాను. ఎవరు ఏమిచ్చారో ధనుంజయ మేస్త్రి గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టాడు. హాజరుపలక ఒకటి. సైరన్ ఒకటి. సమ్మెటలు ఇరవై రెండు, ఇచ్చినవాళ్ళ పేర్లతో. ఆ కిందే వేరుగా, ఆదివారం తేదీతో, "అప్పలసూరి సమ్మెట, గాజుపెట్టెలో."

సమ్మెటల గోడ దగ్గరకి వెళ్ళాను. రేపటి పూజకి అన్నీ వరసగా ఆనించి ఉన్నాయి. వెదురు కామల నుంచి ఇనుప తలల దాకా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, తలా కామా కలిసేచోట పసుపుదారం చుట్టారు. చేతులు వెనక్కి కట్టుకుని, ఆ చివర నుంచి ఈ చివరకి లెక్కపెట్టాను. మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివరకి లెక్కపెట్టాను.

ఇరవై మూడు.

పదిహేడోదాని ముందు వంగాను. మిగతావాటికంటే దీనికి పసుపు దట్టంగా మెత్తారు. కొత్త దారం కింద ఇంకో దారం ఉంది, ఎండిన మట్టి రంగులో. ముడి వేసినది వేసినట్టే ఉంది.

"ముట్టకండి బాబూ," అన్నాడు వెనక నుంచి ఎవరో.

ధనుంజయ మేస్త్రి. డెబ్బై దాటిన మనిషి, నడుము వంగింది గానీ మెడ వంగలేదు. చేతివేళ్ళు మణికట్టు దాకా పచ్చగా ఉన్నాయి.

"ముట్టను మేస్త్రీ. అందుకే కదా మీరిక్కడ పెట్టారు."

ఆయన బయటికి రమ్మని తల ఊపాడు.

క్రేన్ షెడ్డులో ఇద్దరం నిలబడ్డాం. పాత క్రేన్ అక్కడే తుప్పుపట్టి ఉంది. దాని తాడు తెగిన ముక్క కూడా ఒక వస్తువే, కింద అట్టముక్క మీద వివరం రాసి ఉంది.

"పసుపు రాసి దారం కట్టినాక రేపొద్దున్న పూజ అయ్యేదాకా ఏ సెయ్యీ తగలకూడదు. పోలీసోళ్ళు కూడా జడిసి ముట్టనేదు," అన్నాడు మేస్త్రి. "సీఐ గారు అట్టుకుపోతాడని, దాలయ్య సొక్కాలో సెవి తీసి నానే ఆ వరసలో ఎట్టినాను. ఇంతకన్నా మంచి తాళం నాకు తోచనేదు."

"ఆ దారం సంగతి చెప్పండి."

"మీది కవిటి కాడ కొబ్బరితోటల ఊరు కదా. మీకు తెల్దు. పూజ మర్నాడు ఎవుడి సమ్మెటకి ఆడే దారం తెంపాల. తెంపినాకే మొదటి దెబ్బ. తెంపకండా దెబ్బేసినోడు ఈ కొండ మీద నేడు. దారం ఉన్న సమ్మెట గడప కూడా దాటకూడదు." ఆయన గొంతు తగ్గింది. "ఆదివారం గోనెసంచి ఇప్పితే దారం తెగకండా ఉంది. ముసిలోళ్ళందరూ సూసినారు. ఒకడు ఇంకొకడి మొకం సూడకండా ఇళ్ళకి పోనారు. అంటే అప్పలసూరి ఆ రోజు పని సెయ్యనేదు. పదారేళ్ళు ఆ ఇంటికి మాం ప్రసాదం పంపనేదు బాబూ."

"మీకు ఆదివారమే తెలిసిందా మేస్త్రీ? పంచనామాలో సాక్షి సంతకం మీదే కదా."

ఆయన తాడు ముక్క వైపు చూశాడు.

"ఆ రోజే సూసినాను," అన్నాడు. "గోతి కాడ సింహాద్రి గారున్నారు. బండ తాడుకి ఏలాడతంది. పూజనాడు క్రేనెందుకెత్తినారని అడుగుదారని ఎల్లాను. సమ్మెట బండ కింద ఎట్టి ఉంది. ఈలోగా అప్పలసూరి పరిగెట్టుకుని వొచ్చినాడు. అదిగోరా నీ సమ్మెట, తీసుకో, అన్నారాయన. ఆడు ఒంగినాడు. తాడు తెగిపోనాదో, ఆయనే ఒదిలేసినారో... నాను కళ్ళు మూసుకున్నాను బాబూ. తెరిసేసరికి అయిపోనాది."

"క్రేన్ తాడు పాడైందని శ్రీకాకుళం లేబరాఫీసుకి అర్జీ పెట్టింది అప్పలసూరే కదా?"

"ఆడే. మా అందరి ఏలిముద్రలూ ఏయించినాడు."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక ఆయన మీదే చూపించాను. "ఇవాళైనా చెప్పొచ్చుగా? సమ్మెట దాచి కూర్చుంటే, ఆరింటికి దాలయ్య వీపు పగులుతుంది."

"ఎల్లుండి దారాలు తెంపినప్పుడు ఊరోళ్ళందరూ సూత్తారు, నాను సెప్పక్కర్నేదు అనుకున్నాను. ఒకపాలి నోరు మూసుకున్నోడికి మళ్ళీ తెరవడం రాదు బాబూ." మొలలోంచి మడిచిన చీటీ తీశాడు. దానితోపాటు అగ్గిపెట్టె. "సమ్మెటకి కట్టిన మీ పోలీసు సీటీ ఇది. ఇది ఉంటే మీరూ దోషే. ఇది నేకపోతే అది ఉట్టి సమ్మెట. ఏటి సేత్తారో మీ ఇట్టం."

అగ్గిపెట్టె చేతిలో ఉండగా, కాల్చాలని ఒక్క నిమిషం అనిపించిందని ఒప్పుకుంటాను. పెన్షను లేదు, పేరు లేదు. ఉన్నదల్లా పలాసలో ఆ ఒక్క గది. ఇది బయటికొస్తే అందులోకి ఎవరూ రారు.

చీటీ విప్పాను. కింద సగం నల్ల సిరా. క్రైమ్ నంబరు, "దొరికిన చోటు: శవం పక్కన", పక్కన నా సంతకం, హడావిడిలో తోక సాగదీసిన సంతకం. పై సగం నీలి సిరా. తేదీ, టైము. 17-9-88, ఉదయం 10-35.

మళ్ళీ చదివాను. అప్పలసూరి చనిపోయింది పన్నెండూ అయిదుకి. సైరన్ తిప్పిన టైము అది. మ్యూజియంలో సైరన్ కింద అట్టముక్క మీద కూడా అదే రాసి ఉంది. శవం పక్కన దొరికిన సమ్మెటకి, మనిషి చావడానికి గంటన్నర ముందే చీటీ ఎలా కట్టారు?

గేటు దగ్గర కాసులమ్మ నిలబడి ఉంది. నాతోపాటు బస్సు దిగి కూడా లోపలికి రాలేదు. పూజ ముందురోజు ఆవిడ రాకూడదు మరి.

"అమ్మా, ఆ రోజు పొద్దున పదిన్నరకి సమ్మెట ఎక్కడుంది?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"ఇంట్ల పీట మీదుంది. ఓ పోలీసాయన వొచ్చినాడు. స్టేషన్ల పూజకి సమ్మెట కావాల, మేనేజరు గారు సెప్పినారు, మళ్ళీ తెచ్చి ఇచ్చెత్తాను అన్నాడు. కంపెనీ మనిషైతే ఇద్దునా? ఖాకీ బట్టలోడు. పైగా మాది డొంకూరు. మా ఊర్ల పడవకి దారం కడితే ఎవులైనా ముట్టొచ్చు. కొత్త కోడల్ని, ఇక్కడ కట్టుబాటు నాకేటి తెలుసు? నా సేత్తోనే తీసి ఇచ్చినాను బాబూ."

"తర్వాత?"

"పదకొండున్నరకి ప్రసాదం అట్టుకుని ఆయనొచ్చినాడు. సమ్మెటేదీ అన్నాడు. సెప్పినాను. దారం తెంపనిది గడప దాటించీసినావా అని ప్రసాదం అక్కడే ఎట్టీసి పరిగెట్టినాడు. దానికోసమే సచ్చిపోనాడు. నానే పంపినాను. ఈ మాట ఊర్ల ఎవులికీ సెప్పనేదు. సెప్తే నన్ను బతకనిత్తురా?" ఆవిడ నా కళ్ళలోకి చూసింది. "మీకు సెప్పినాను. మూడో రోజు స్టేషన్‌కి వొచ్చి, ఆయన సమ్మెట కోసమే ఎల్లాడు బాబూ, అన్నాను. రాసుకున్నాం, ఎల్లమ్మా అన్నారు మీరు."

రాసుకోలేదు. సమ్మెట కోసం ఎందుకు వెళ్ళాడమ్మా అని ఒక్క ప్రశ్న అడగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు అడుగుతున్నాను, పదహారేళ్ళకి. అంతకంటే ఎక్కువ సిగ్గుపడిన రోజు నాకు గుర్తులేదు.

"లోపలికి రండమ్మా," అన్నాను.

"రాకూడదు బాబూ."

"రావొచ్చు," అన్నాడు ధనుంజయ మేస్త్రి వెనక నుంచి. "ఎవులైనా అడ్డితే నన్ను అడగమను."

అయిదూ నలభైకి మేం ముగ్గురం హాల్లోకి వెళ్ళాం. త్రినాథ్ దాలయ్యని లేపి నిలబెట్టి ఉన్నాడు. ముసలివాళ్ళు ఏడెనిమిదిమంది గోడవారగా చేరారు. కాసులమ్మని చూసి ఒకరు గొణిగారు. మేస్త్రి ఆయన వైపు చూసేసరికి ఆ గొణుగుడు ఆగిపోయింది.

"సమ్మెట దొరికింది," అన్నాను. "అదిగో, పదిహేడోది. ఇప్పుడు అందరూ వినండి. అప్పలసూరి పూజ రోజు ఇనుము ముట్టలేదు. అతని సమ్మెట ఇంట్లోంచి తీసుకెళ్ళింది పోలీసులు. శవం పక్కన దొరికిందని రాసిన కాగితం మీద సంతకం పెట్టింది నేను. నేను చూడలేదు. చూడకుండా పెట్టాను."

ఒక ముసలాయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాటకాలు చాలు," అన్నాడు త్రినాథ్. సమ్మెటల వైపు రెండడుగులు వేశాడు. "కేసు సొత్తు అది. తీసుకుపోతున్నాను."

"ముట్టు," అన్నాను. "ఇంతమంది ముందు ముట్టు. ఒకసారి ముట్టినవాడివే కదా." చీటీ విప్పి అతని ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను. "ఈ నీలి సిరా చేతిరాత ఎవరిది? పది ముప్పై అయిదు. మనిషి బతికుండగా."

త్రినాథ్ చీటీ చదివాడు. అతని ముఖంలో కోపం ఉంటుందనుకున్నాను, భయం ఉంటుందనుకున్నాను. రెండూ లేవు. కుర్చీలో కూర్చుండిపోయాడు.

"ఎవరింట్లోంచి ఏ వస్తువు తీసుకున్నా టైము రాసి చీటీ కట్టాలి, మళ్ళీ తిరిగివ్వాలి అని మీరే నేర్పారు," అన్నాడు నెమ్మదిగా. "తిరిగిద్దామనే కట్టాను. పదకొండు కాకముందే సింహాద్రికి ఇచ్చాను. పన్నెండున్నరకి శవం పక్కన చూశాను. అప్పుడు అర్థమైంది. ఇరవై మూడేళ్ళవాణ్ణి. నోరు పెగల్లేదు. ఆ తర్వాత నోరు విప్పితే నేనే ముద్దాయిని."

"కాబట్టి ఇవాళ దాన్ని మాయం చేద్దామని వచ్చావు."

"అవును." తల ఎత్తాడు. "కానీ ఒక మాట మీరు అడగడం లేదు గురువుగారూ. డిటెక్టివు కదా, మొదట అడగాల్సింది అదే. నన్ను ఆ ఇంటికి పంపింది ఎవరు?"

"సింహాద్రి."

"సింహాద్రికి నేనెవర్ని? ట్రైనింగ్ కుర్రాణ్ణి. ఆయన ఫోన్ చేసింది స్టేషన్‌కి. పదింటికి. మీ బల్ల మీద ఫోను. మీరే ఎత్తారు. సోంపేట వెళ్ళే హడావిడిలో ఉన్నారు. రిసీవరు చేత్తో మూసి, నా వైపు తిరిగి ఏమన్నారో గుర్తులేదా?"

గుర్తులేదు అందామని నోరు తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది. రిసీవరు చల్లదనం కూడా గుర్తొచ్చింది. అవతల సింహాద్రి నవ్వుతూ మాట్లాడాడు. మీ కుర్రాణ్ణి ఒకణ్ణి పంపండి ఎస్సై గారూ, పూజకి మా అప్పలసూరి సమ్మెట కావాలి, నామీద అలిగి ఉన్నాడు, నేనడిగితే ఇవ్వడు, అన్నాడు. నేను త్రినాథ్ వైపు తిరిగి, "వెళ్ళి తెచ్చిపెట్టవోయ్, పెద్దవాళ్ళతో మంచిగా ఉండాలి," అన్నాను. పది సెకన్ల పని. ఆ తర్వాత జీపెక్కాను. మళ్ళీ ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.

పంచనామా చూడకుండా సంతకం పెట్టడం ఒక్కటే నా తప్పని ఇన్నేళ్ళూ అనుకున్నాను. దానికే నిద్రపట్టేది కాదు. అది చిన్న తప్పు.

కాసులమ్మ నా వైపే చూస్తోంది. విన్నది మొత్తం. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది.

గేటు దగ్గర కారు హారన్ రెండుసార్లు మోగింది. కానిస్టేబుల్ పరిగెత్తుకొచ్చాడు. "సార్, సింహాద్రి గారు. వెనక లారీ కూడా ఉంది. బిల్డింగు ఖాళీ చేయిస్తారంట, సామానంతా ఇప్పుడే ఎక్కించమంటున్నారు. గేటు తియ్యమంటారా?"

త్రినాథ్ నా వైపు చూశాడు. పదహారేళ్ళ కిందట ప్రతి పనికీ ఇలాగే చూసేవాడు.

"గేటు తియ్యకు," అన్నాను. "కాగితం తియ్యి. కంప్లైంటు రాసుకో."

"రాస్తే మీరు బయటపడరు. నేనూ పడను."

"తెలుసు."

జేబులోంచి పెన్ను తీశాడు. బల్ల మీద టోపీ పక్కకి జరిపి కాగితం పరిచాడు. బయట హారన్ ఆగకుండా మోగుతోంది. ముసలివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి సమ్మెటలకి ముందు, వాటిని తాకకుండా, నేల మీద కూర్చున్నారు. పదిహేడోదాని ముందు మాత్రం కాస్త చోటు వదిలారు. మేస్త్రి చెయ్యి చూపించాడు. కాసులమ్మ వెళ్ళి ఆ చోట కూర్చుంది.

"ముద్దాయిల పేర్లు," అన్నాడు త్రినాథ్. "మొదటి పేరు?"

"నాది."

పెన్ను కాగితం మీద ఆగిపోయింది. ఇనుప గేటుని లారీ ముందుభాగంతో నెడుతున్న చప్పుడు వినిపించింది.

"రాయండి బాబూ," అంది కాసులమ్మ, ఇటు తిరగకుండానే. "ఈపాలైనా రాయండి."